సైలెన్స్ సారు చదివిన సీరియల్

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ, సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే సిమెంటు నీళ్లు కారే ఆ రోజుల్లో, జనం పుస్తకాలు చదవకపోవడానికి కారణం వాళ్లకి ఎవరూ గట్టిగా చెప్పకపోవడమేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతుండేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. లైబ్రరీ సైన్సులో కొత్తగా వచ్చిన డిగ్రీ, తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంట్లో పుట్టినందువల్ల అబ్బిన మాటల ధాటి (మా అమ్మ దాన్ని క్లుప్తంగా "నోరు" అనేది) కలిసి నన్నొక చిన్న గ్రంథాలయంలో సహాయకురాలిగా కూర్చోబెట్టాయి. అది ఏదో ట్రస్టు వాళ్లది. కోచింగ్ సెంటర్ల సందులో, టిఫిన్ సెంటరు పైన ఒక పెద్ద హాలు. కింది నుంచి దోసెల వాసన, పక్కన బీరువాల్లోంచి పాత కాగితాల వాసన. మధ్యాహ్నం పూట ఆకలి మీద ఉన్నప్పుడు రెండూ ఒకటే అనిపించేవి.

అక్కడి లైబ్రేరియన్ నల్గొండ వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. రోజు మొత్తం మీద ఆయన నోటి నుంచి వచ్చే మాట "సైలెన్స్" ఒక్కటే కాబట్టి పిల్లలు ఆయనకి సైలెన్స్ సారు అని పేరు పెట్టారు. వచ్చేవాళ్లంతా పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లే. సొంత పుస్తకాలు, సొంత నీళ్ల సీసాలు తెచ్చుకుని మా ఫ్యాన్ల కింద కూర్చుని చదువుకుని వెళ్లిపోయేవారు. మా బీరువాల తాళాలు తీసే పనే ఉండేది కాదు. సారుకి దీని గురించి ఏ బాధా లేదు. పుస్తకం పెట్టినచోట క్షేమంగా ఉంటే గ్రంథాలయం బాగా నడుస్తున్నట్టేనని ఆయన లెక్క.

ఆ లెక్క ట్రస్టు అధ్యక్షుడు గారికి నచ్చలేదు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో టైల్స్ వ్యాపారం చేస్తుండేవారు. ఒకరోజు వచ్చి, బీరువా తలుపు మీద వేలితో గీసి, అంటిన దుమ్ము మా ఇద్దరికీ చూపించి, పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లే లేనప్పుడు ఇంత హాలు ఎందుకన్నారు. పక్క కోచింగ్ సెంటరు వాళ్లు కిరాయికి అడుగుతున్నారట. దసరా దాకా చూస్తాను, ఈలోగా చుట్టుపక్కల జనం వస్తే సరే, లేకపోతే ఇచ్చేస్తానని చెప్పి వెళ్లిపోయారు. సారు అదే బీరువాని చాలాసేపు తుడిచి, చివరికి నా దగ్గరికొచ్చి చిన్న గొంతుతో, "అమ్మా, నీకు మాట్లాడొస్తది గద. ఏమన్న చెయ్యి" అన్నారు. ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

నేను చేసిన ఏర్పాటు మైకు ఆటో. ఆటో, బ్యానరు, నేను రాసిన ప్రసంగం. "విజ్ఞానమే వెలుగు" అని మొదలయ్యే ఆ ప్రసంగాన్ని అద్దం ముందు ఎంత సాధన చేశానంటే మా తమ్ముడు నిద్రలో కూడా అప్పజెప్పేవాడు. సారు రానన్నారు గానీ, గ్రంథాలయం తరఫున పెద్దవాళ్లు లేకపోతే బాగుండదని బలవంతంగా ఎక్కించాను. పెళ్లికి తప్పక వచ్చిన ఆడపడుచు భర్తలా ఆయన ఒక మూల ఒదిగి కూర్చున్నారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అప్పటికింకా అక్కడే ఉండేది. ఆ వెనక బస్తీలో మార్కెట్లో పనిచేసే వాళ్ల ఇళ్లుండేవి. ముందుగా అక్కడికే పోనిమ్మన్నాను.

ఆటో ఆయన సంగతి నేను సరిగా కనుక్కోలేదు. ఆయన రోజూ చేసే పని పాత సామాను కొనడం. మా కోసం బ్యానరైతే కట్టాడు గానీ, మైకుపెట్టెలోంచి పెన్‌డ్రైవ్ తీయడం మరిచిపోయాడు. నేను గొంతు సవరించుకుని మీట నొక్కగానే, నాది కాని ఒక మగగొంతు బస్తీ అంతా మోగింది: పాత పేపర్లు కొంటాం, పాత పుస్తకాలు కొంటాం, ఇనుప సామాను కొంటాం. దాన్ని ఆపేలోపు జనం రానే వచ్చారు. నేను కలలో కూడా ఊహించనంత మంది వచ్చారు. నెత్తిన పేపర్ల కట్టలు, చంకలో ఇంటర్ పుస్తకాలు, ఒకావిడ చేతిలో విరిగిన కుట్టుమిషను పెడలు. మేము కొనేవాళ్లం కాదు, పుస్తకాలు చదవడానికి ఇచ్చేవాళ్లమని చెబితే నమ్మలేదు. ఊరికే ఎందుకిస్తారని ఒకరు, ఎలక్షన్లు ఉన్నాయా అని మరొకరు అడిగారు. చదివితే నౌకరీ గ్యారంటీయేనా అని ఒకాయన నిలదీశాడు (దిల్‌సుఖ్‌నగర్‌లో అడగాల్సిన ప్రశ్నే). "విజ్ఞానమే వెలుగు" అన్నాను. కరెంటు ఆఫీసు వాళ్లా అన్నారు వెనక నుంచి ఎవరో.

అందరూ గొణుక్కుంటూ వెనక్కి తిరిగాక ఒక్క పెద్దమ్మ మిగిలింది. మార్కెట్ గేటు దగ్గర బత్తాయిలు అమ్మే మనిషి. ఆమె చేతిలో ఉన్నది పేపర్ల కట్ట కాదు. పాత వారపత్రిక నుంచి ఒక సీరియల్ పేజీలు వారం వారం చింపి, దారంతో కుట్టి, పైన సిమెంటు సంచి కాగితం అట్ట వేసిన పుస్తకం. దాన్ని సారు చేతిలో పెట్టి తన సంగతి చెప్పింది. భర్త ఇదే మార్కెట్లో హమాలీ. చదువొచ్చినవాడు. పోయి చాలా కాలమైంది. ఇల్లు ఇరుకని కోడలు పాతవన్నీ తీసేస్తోంది. ఇది కూడా అమ్మేద్దామనే తెచ్చింది గానీ, అమ్మే ముందు ఒకటి తెలుసుకోవాలట.

"రోజూ తిన్నంక దీన్ని ముంగటేసుకొని సదువుకుంట నవ్వుతుండె సారూ. ఏందయ్యా అంటే, నీకు తెల్వదులే అంటుండె. గిండ్ల ఏమున్నదో జర సదివి చెప్పు. తెలిసినంక అమ్ముకుంట."

సారు నా వంక చూశారు, పుస్తకం వంక చూశారు, కళ్లజోడు పెట్టుకున్నారు. పెద్దమ్మ పండ్ల డబ్బా ఒకటి బోర్లించుకుని ఆటో పక్కన కూర్చుంది. ఆయన చదవడం మొదలుపెట్టారు. పట్నంలో ఒంటరిగా ఉండే టైపిస్టు అమ్మాయి కథ అది. అంత నెమ్మదైన మనిషీ చదివేటప్పుడు మారిపోయారు. మేనత్త మాట్లాడితే మేనత్తలా, ఇంటి ఓనరు మాట్లాడితే ఓనరులా చదువుతున్నారు. నేను నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాను (నా నోరు మూతపడకపోయినా మాట రాని సందర్భం అదొక్కటే అని అమ్మ తర్వాత అంది). కాసేపటికి ఎందుకో తల తిప్పి చూస్తే సందు నిండా జనం. గుమ్మాల్లో, మెట్ల మీద, గోడల మీద. జనం ముసిరినప్పుడు నేను వదిలేసిన మైకు సారు ఒళ్లోనే ఉంది. దాన్ని కట్టేయాలని మా ఇద్దరికీ తోచలేదు. పెద్దమ్మ ఒక్కదానికే చదువుతున్నాననుకుని ఆయన బస్తీ మొత్తానికి చదివారు.

పేజీ తిప్పుతూ తలెత్తి చూసిన సారు పుస్తకం టక్కున మూసేశారు. సందు చివర నుంచి ఒక ఆడగొంతు, "ఆపిండేంది? గా పిల్ల ఇల్లు ఖాళీ చేసిందా లేదా?" అని అడిగింది. ఆయన ఆ ఇబ్బందిలోంచి తప్పించుకోవడానికే, మిగిలింది రేపు మధ్యాహ్నం లైబ్రరీలో చదువుతానని నాచేత చెప్పించారు. మా ప్రచారం మొత్తం మీద పనిచేసిన వాక్యం అదే. నేను రాసింది కాదు.

మార్కెట్ పని తెల్లారకముందే మొదలై మధ్యాహ్నానికి సద్దుమణుగుతుంది. కాబట్టి మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లంతా కట్టకట్టుకుని మెట్లెక్కారు. ఖాళీ గంపలతో, పిల్లలతో వచ్చి కింద కూర్చున్నారు. హాలంతా మామిడిపండు వాసన. కోచింగ్ కుర్రాళ్లు ముందు విసుక్కున్నారు, చెవుల్లో దూది పెట్టుకున్నారు. వాళ్లలో గ్రూప్స్‌కి చదివే ఒకతను తర్వాత్తర్వాత దూది తీసేసి దగ్గరి బల్లకి మారాడు. గైడులో అదే పేజీ రోజూ తెరిచి ఉంచేవాడు. సీరియల్ మాత్రం అందర్నీ ఏడిపించింది. టైపిస్టు అమ్మాయికి వారానికొక కష్టం. తల్లికి జబ్బు, తమ్ముడు పారిపోవడం, ప్రేమించినవాడి నుంచి ఉత్తరాలు ఆగిపోవడం. అందరూ కొంగులతో కళ్లు తుడుచుకుంటుంటే పెద్దమ్మ ఒక్కతే సారు మొహం వంక పట్టుగా చూస్తూ, "నవ్వేది ఇంక రాలేదా సారూ" అని అడిగేది. హీరోయిన్ తల్లి చనిపోయిన రోజు కూడా అడిగింది. సారు లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు.

చివరికి ఆ అమ్మాయి రైల్వే స్టేషన్లో నిలబడింది. ఇటు ఉన్న రైల్లో ఉత్తరాలు మానేసినవాడు, అటు రైల్లో పెళ్లి చేసుకుంటానన్న డాక్టరు. రెండూ కూత వేశాయి. ఆమె అడుగు ముందుకు వేసింది. అంతే, తరువాయి వచ్చే వారం. ఆ వచ్చే వారం పేజీలు పుస్తకంలో లేవు. సారు అటూ ఇటూ తిప్పి చూసి, ఇక లేదన్నారు. హాలు భగ్గుమంది. డాక్టరు రైలెక్కాలని సగం మంది, మొదటివాడు పాపం ఏ కష్టంలో ఉన్నాడో అని సగం మంది. గ్రూప్స్ కుర్రాడు లేచి నిలబడి మొదటివాడి తరఫున వాదించాడు (అతనికీ ఏవో ఉత్తరాల గొడవ ఉండి ఉంటుంది). ఆ గోలలోనే అధ్యక్షుడు గారు కోచింగ్ సెంటరు వాళ్లని వెంటబెట్టుకుని హాలు చూపించడానికి వచ్చారు.

మా పని అయిపోయిందనుకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, ఏంటండీ ఈ గోల, లైబ్రరీయా రైతుబజారా అన్నారు. సారు జరిగిందంతా చెప్పారు. కథ కూడా మొదటి నుంచి చెప్పారు, ఎక్కడా కుదించలేదు. అధ్యక్షుడు గారు వింటూ వింటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. విన్నాక చాలాసేపు ఆలోచించి, "ఆ టైపిస్టు ఉద్యోగం పర్మనెంటేనా?" అని అడిగారు. పర్మనెంటే అన్నారు సారు. "అయితే ఏ రైలూ ఎక్కక్కర్లేదండీ. ప్లాట్‌ఫారం టికెట్టు ఇచ్చేసి ఇంటికి పొమ్మనండి" అన్నారు. పెద్దమ్మ, "గీ సారు మంచిగ చెప్పిండు" అంది. తీర్పు ఖాయమైంది. వెంట వచ్చిన కోచింగ్ వాళ్లని అధ్యక్షుడు గారు మెట్ల దాకా సాగనంపి వచ్చి, తర్వాత ఏ పుస్తకం చదువుతారని అడిగారు.

పెద్దమ్మకి మాత్రం తను వచ్చిన పని కాలేదు. పుస్తకం అయిపోయింది, నవ్వే చోటు రాలేదు. సారు ఏదో వదిలేసి ఉంటారని ఆమె అనుమానం. నేనే చదువుకుని చూస్తాను, నేర్పమంది. నేను పలకా అక్షరమాలా తెచ్చి, "అ" అంటే అమ్మ అని మొదలుపెడితే ఒప్పుకోలేదు. అమ్మ తనకి తెలుసట, ఈ పుస్తకంలో ఉన్నవి మాత్రమే చెప్పమంది. అలా వెనకా ముందూ లేకుండా, ఆమె వేలు పెట్టిన చోటల్లా ఒక్కో అక్షరం చెబుతూ వచ్చాను. ఎండాకాలం వెళ్లి వానలు పడ్డాయి.

ఒక మధ్యాహ్నం హాల్లో అందరూ ఎవరి చదువులో వాళ్లున్నారు. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని పేజీ అడుగున ఉన్న ఒక చిన్న కార్టూను మీద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటోంది. వారపత్రిక కదా, సీరియల్ కింద మిగిలిన చోట్లలో జోకులు వేసేవారు. రైల్వే స్టేషన్ బొమ్మ. భార్య చేతులూపుకుంటూ ముందు నడుస్తోంది. వెనక మొగుడు నెత్తిన ట్రంకుపెట్టె, చంకలో పరుపుచుట్ట, చేతిలో కూజాతో వంగిపోయి వస్తున్నాడు. పక్కన నిలబడ్డ కూలీ ఆమెని అడుగుతున్నాడు: "అమ్మగారూ, ఈ కూలీని ఎక్కడ మాట్లాడుకున్నారు?" ఆమె దాన్ని ఒక్కో అక్షరమే పోగుచేసుకుని చివరిదాకా వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లి ఒక్కసారిగా చదివింది. ఇక నవ్వు. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కుర్రాళ్లంతా తలలెత్తారు. నేను పరిగెత్తుకెళ్లాను.

"గిదా ముసలోడు నవ్వింది. దినమంత మూటలు మోసొచ్చి ఇంట్ల గీ బొమ్మ సూస్కుంట నవ్విండు. నాకు చెప్తే నేను గూడ గట్లనే మోపిస్తననుకున్నడేమో, చెప్పలే" అంది. నవ్వుతూనే ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. సారు వచ్చి పుస్తకం అందుకుని చూశారు. ప్రతి వారం పేజీల్లోనూ ఒకటో రెండో కార్టూన్లు ఉన్నాయి. కథలో భాగం కాదు కదా అని వదిలేశానని నొచ్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆయన ఆ జోకులన్నీ, ఒక్కటీ వదలకుండా, అందరికీ చదివి వినిపించారు. జోకులు చదవడం మాత్రం ఆయనకి బొత్తిగా రాదు. అయినా అందరూ నవ్వారు.

దసరా వెళ్లింది. అధ్యక్షుడు గారు వెనక సగానికి అడ్డుగోడ కట్టించి కోచింగ్ వాళ్లకిచ్చారు. ముందు సగం మాకు ఉంచారు. వ్యాపారస్తుడు కదా, ఎవరినీ పూర్తిగా కాదనలేదు. మధ్యాహ్నం చదువులు కొన్నేళ్లు నడిచాయి. పండ్ల మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయాక ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు. సారు రిటైరై నల్గొండ వెళ్లారు. నేను ఎల్బీనగర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో చేరాను. పెద్దమ్మ కొడుకు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుంటే అక్కడికి వెళ్తూ, చెప్పిపోవడానికి మా ఇంటికొచ్చింది. పుస్తకం అమ్మలేదు, సంచిలోనే ఉంది. అప్పుడే నాకు పెళ్లి కుదిరింది. ఆ సంగతి విని, నా చెయ్యి పట్టుకుని, "నీ మొగడు ఏమన్న సదువుకుంట నవ్వితే అడుగు బిడ్డా. చెప్పకుంటే గుంజుకొని సదువు, నా లెక్క ఆగకు" అంది. నేను సిగ్గుపడి, అలాగే పెద్దమ్మా అన్నాను. ఊళ్లో అందరికీ చదువు గొప్పతనం చెప్పడానికి మైకు కట్టుకు తిరిగిన ఆ పిల్లకి, చదువు ఇందుకు కూడా పనికొస్తుందని అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక మా ఆయన ఫోన్ చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటారు. ఏంటంటే, ఏం లేదులే అంటారు. లేచి వెళ్లి ఫోన్ లాక్కుని చదువుతాను. చాలాసార్లు అందులో నవ్వడానికి ఏమీ ఉండదు. అయినా చివరిదాకా చదివే ఇస్తాను.