నేరేడు పొడిని నమ్మిన అన్నయ్య

పంచదార రేషనులో కొలిచి ఇచ్చే రోజుల్లో మా అన్నయ్య ఒంట్లో దానికి కొదవ లేదు. కాలి వేలి పుండు మానకపోతే వేలు తీసేస్తామని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. షుగరుకు మంచిదని నేరేడు గింజలు ఎండబెట్టి, దంచి పొడి ఇచ్చాను. మహానుభావుడు దాన్ని బెల్లంలో ఉండ చేసి మింగేవాడు.

“అదేటన్నయ్యా, బెల్లంతోనా?”

“వగరే సెల్లీ, గొంతు దిగదు. లోపలికెళ్లాక బెల్లం సంగతి పొడే సూసుకుంటాది.”

అరిసె తిన్నా, లడ్డూ తిన్నా, వెనకే చిటికెడు పొడి నోట్లో వేసుకుని, పాపం కడిగేసుకున్నట్టు చేతులు దులిపేవాడు.

చివరికి వేలు తీసేశారు. చూడ్డానికి వెళ్తే నన్నే ఓదార్చాడు.

“ఏడవకే. నీ పొడి తినబట్టి వేలుతో పోనాది. లేపోతే కాలే పోయీది!”

మిగిలిన తొమ్మిది వేళ్లనూ చూసి, మంచం పక్కనున్న పొడి డబ్బా సంచిలో వేసుకుని వచ్చేశాను.