టీవీలో కనబడని కాలు

మా అన్న శ్రీలంకలో ఎడమ కాలు పోగొట్టుకుని వచ్చేనాటికి హనుమకొండలో మా వాడ మొత్తానికి ఒకటే టీవీ. అది ఎదురింటి బట్టల సేటుది. నా డిగ్రీ చదువు కోసం అమ్మా నేనూ అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నాన్న వర్ధన్నపేటలో పొలం చూసుకునేవాడు.

అన్న మిలిటరీలో సిపాయి. మన సైన్యం శాంతిసేనగా అక్కడికి వెళ్ళినప్పటి నుంచి రోజూ సాయంత్రం వార్తల వేళకు సేటు వరండాలో కూర్చునేవాళ్ళం. తెర మీద మన జవాన్లు పిల్లలకు బిస్కెట్లు పంచేవారు, జీపుల్లోంచి చేతులూపేవారు. వాడంతా చప్పట్లు కొట్టేది. అమ్మ ముందుకు జరిగి ప్రతి ముఖంలోనూ కొడుకును వెతుక్కునేది.

అన్న చాలాకాలం మిలిటరీ దవాఖానలో ఉండి, కొయ్యకాలుతో మా గదికి వచ్చాడు. చూడటానికి వచ్చినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాడు. దారి పొడవునా మందుపాతరలు. పొద్దున తనతో చాయ్ తాగినవాళ్ళు సాయంత్రానికి లేరు. మొదట పూలదండలు వేసిన ఊళ్ళే తర్వాత తలుపులు మూసుకున్నాయి.

సేటు నవ్వాడు. "గంత లడాయి అయితాంటే టీవీల చూపియ్యరా తమ్మీ? రోజూ చూస్తానం గద. నువ్వు ఏడ్నో లారీ కింద పడి, గిప్పుడు లడాయి అంటానవు."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నిన్నటిదాకా 'మన జవాను' అన్నవాళ్ళే. మర్నాటి నుంచి మా అన్న పేరు 'లారీ సిపాయి'. అన్న బయటివాళ్ళతో మాట్లాడటమే మానేశాడు. అమ్మ నీళ్ళకు పోతే నల్లా దగ్గర ఆడవాళ్ళు సైగలు చేసుకునేవారు.

నాకు ఏడుపు రాలేదు. పగ పుట్టింది. క్లాసులో కూర్చుని ఆ టీవీని రోకలితో పగలగొడుతున్నట్టు ఊహించుకునేదాన్ని. కానీ పగలగొడితే జనానికి సేటు మీదే జాలి పుడుతుంది. అతని తల ఆ వరండాలోనే, ఆ జనం ముందే వంగాలి.

ఒక ఆదివారం సాయంత్రం, "అన్నా, నీ కాలు జర ఇయ్యి" అన్నాను.

"ఎందుకే?"

"సేటుకు చూపిస్త."

అన్న నా మొహంలోకి చూశాడు. కొయ్యకాలి పట్టీలు తనే విప్పి ఇచ్చి, చంకకర్రలు అందుకున్నాడు. "నడువ్, నేను గూడ వస్త."

వరండా నిండా జనం. శ్రీలంకలో పరిస్థితి అదుపులో ఉందని వార్తలు చదివే ఆవిడ చెబుతోంది. నేను అందరినీ దాటుకుని వెళ్ళి, కొయ్యకాలును బూటుతో సహా తెర ముందు నిలబెట్టాను. ఆవిడ ముఖం కనబడకుండా పోయింది. గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

"ఏం పనే పిల్లా ఇది! తియ్యి!" సేటు లేచాడు.

"టీవీల చూపిస్తెనే నమ్ముతరు గద సేటూ. ఇగో, టీవీ కాడ పెట్టిన. చూడుండ్రి."

అన్న గుమ్మంలో నిలబడి లుంగీ పైకి లాగాడు. మిగిలిన కుడికాలి నిండా మందుపాతర ఇనుప ముక్కలు దిగిన నల్లటి మచ్చలు. ఒక ముసలావిడ "అయ్యో కొడుకా" అని ఏడ్చింది. సేటు కొయ్యకాలు తీసెయ్యబోయి, ముట్టుకోలేక ఆగిపోయాడు.

"లారీ గాదని చెప్పుండ్రి" అన్నాను.

ఏదో గొణిగాడు.

"జర గట్టిగ. అందరికి వినపడాలె."

మళ్ళీ చెప్పించాను. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడిపోయిన అతని మొహం చూస్తుంటే నాకు కడుపు నిండింది.

తర్వాత అన్నను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. టీవీ చూడటం మాత్రం మానలేదు. అదుపులో ఉందంటే తలలూపుతూనే ఉన్నారు. ఎప్పుడైనా ఒకరిద్దరు మా గదికి వచ్చి, "నిజమేనా తమ్మీ?" అని అన్నను అడిగి పోయేవారు.

కొన్నేళ్ళకు సేటు చనిపోయినప్పుడు అన్న కొయ్యకాలు ఇంట్లోనే వదిలి, చంకకర్రల మీద వెళ్ళి చూసి వచ్చాడు. నేను వెళ్ళలేదు.