ఎద్దు తరఫున

గద్వాల బజారులో మా బాబుకు బెల్టు కొంటూ, అలవాటుగా దాని అంచును నా మెడ మీద రాసి చూశాను. షాపతను వింతగా చూశాడు.

మా నాన్న ఆత్మకూరులో తోలు పని చేసేవాడు. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎద్దుల మెడకు కట్టే మువ్వల పట్టెడలు కుట్టి, కోసిన అంచులను తడిపి, మైనం పూసి, నున్నటి కొమ్ముముక్కతో వేడెక్కేదాకా రుద్దేవాడు. తడి తోలు, మైనం కలిసిన వాసన ఆయన చేతులను వదిలేది కాదు. చివరికి పట్టెడను నా మెడకు చుట్టి అటూ ఇటూ జరిపేవాడు. అది నాకోసమే చేస్తున్నాడనుకునేదాన్ని.

ఒకరోజు వీపనగండ్ల రైతొకాయన పట్టెడ కోసం వచ్చి, బస్సు వేళయిందని తొందరపెడుతున్నాడు. నాన్న దాన్ని నా మెడకు చుట్టాడు.

"యాడన్న గీరుకుంటున్నదా బిడ్డా?"

"ఈడ జర గీరుకుంటున్నది నాయినా," అని చెవి కింద చూపించాను.

నాన్న మళ్ళీ కొమ్ముముక్క అందుకున్నాడు.

"చిన్నపిల్ల మాట పట్టుకొని నా బస్సు పోగొడ్తున్నవ్. ఎద్దు తోలు మందం గాదా?" అన్నాడు రైతు.

"ఎద్దుకు నోరు లేదు పటేలా. అది చెప్పలేంది మా బిడ్డ చెప్తది," అన్నాడు నాన్న, తలెత్తకుండా.

బస్సు వెళ్ళిపోయింది. పట్టెడ నాది కాదని అప్పుడే తెలిసింది. అయినా ఏడుపు రాలేదు. ఎద్దు తరఫున మాట్లాడేది నేనే కదా.

"బెల్టు నడుముకు పెట్టుకునేది మేడమ్," అన్నాడు షాపతను.

"తెలుసు. ఇది గీరుకుంటున్నది, ఇంకోటి చూపియ్యి," అన్నాను.