సెవస్తీ బతికినందుకు

థెమెలీనాకు సొంత ఇల్లు లేదు. గ్రీసులోని మా కాలిమ్నోస్ దీవిలో ఆడపిల్లకు అంతకంటే పెద్ద లోటు ఉండదు. తల్లి ఇల్లు పెద్దకూతురికి పోతుంది. మొగుడే వచ్చి పెళ్ళాం ఇంట్లో ఉంటాడు. ఈమె రెండో కూతురు. అయినా సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసం పడవల్లో మునగడానికి వెళ్ళే సకెల్లారిస్, చేసుకుంటే ఈమెనే చేసుకుంటానని పట్టుబట్టి తన తల్లి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ తల్లి కలొతీనా మా పేటకు మంత్రసాని. మా వీధిలో పిల్లలందరం ఆమె చేతుల్లో పడినవాళ్ళమే. మాది వాళ్ళ పక్కిల్లు. నేను చెప్పేదాంట్లో కొంత గోడ అవతలి నుంచి విన్నది, మిగతాది పెద్దయ్యాక థెమెలీనాయే నాకు చెప్పింది.

మమ్మల్ని ఏలిన ఇటాలియన్లు దీవి వదిలి వెళ్ళిన కొన్నేళ్ళకు జరిగిందిది. పడవలు అక్టోబరు చివర ఆఫ్రికా తీరం నుంచి తిరిగొచ్చాయి. నవంబరులో పెళ్ళయింది. ఏప్రిల్‌లో ఈస్టరు పండగ అయిపోగానే సకెల్లారిస్ మళ్ళీ పడవెక్కాడు. జూన్‌లో ఒక పొద్దున నీళ్ళ బిందె దించుతూ థెమెలీనా అక్కడే కూలబడింది.

"ఇంకా టైం ఉందిగా అత్తా! ఆగస్టు అన్నావుగా!"

"ఆ మాట నాకు కాదు, లోపలున్నదానికి చెప్పు. కాళ్ళు ఎడంగా పెట్టు."

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు, పిల్లికూనలా సన్నగా మూలిగిందంతే. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. చెవులు తడిసిన ఆకుల్లా ముడుచుకుపోయాయి. గోళ్ళు వేలికొసల దాకా రానేలేదు. కలొతీనా బొడ్డు కోసి, బిడ్డను పాతగుడ్డలో చుట్టి, కిటికీ గట్టు మీద పెట్టి, కోడలిని శుభ్రం చెయ్యడానికి ఇటు తిరిగింది.

"అక్కడ పెట్టావేంటి?"

"ఇంకెక్కడ పెట్టను? ఏడో నెలది. సాయంత్రం దాకా కూడా ఉండదు. దానికేసి చూడకు. చూశావంటే పాలు పొంగుతాయి, తర్వాత ఆ సలపరం నువ్వే పడాలి."

"పొయ్యి రాజెయ్యి అత్తా. దానికి చలేస్తోంది."

"జూన్‌లో పొయ్యేంటే? పోయేదాన్ని పోనివ్వక! ఇలాంటివి ఎన్ని పూడ్చానో నీకేం తెలుసు."

థెమెలీనా లేచింది. కాళ్ళ వెంట నెత్తురు కారుతుండగానే గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచి బిడ్డను తీసుకుంది. పూజారి వచ్చేలోగా ప్రాణం పోయేలా ఉంటే ఎవరైనా సరే బిడ్డను మూడుసార్లు గాల్లోకి ఎత్తి బాప్తిస్మం ఇవ్వొచ్చు. అలా ఎత్తి, చచ్చిపోయిన తన తల్లి పేరు పెట్టుకుంది. సెవస్తీ.

"బాగుంది, గాలికి పేరు పెట్టుకో," అంది అత్త.

అటక మీద అమ్ముడుపోని స్పాంజి ముక్కలున్నాయి. మెత్తనివి ఏరి పెట్టెలో పరిచింది. పొయ్యి తనే రాజేసి రాళ్ళు కాచి, గుడ్డల్లో చుట్టి, బిడ్డకు అటూ ఇటూ పెట్టింది. ఒంటికి ఆలివ్ నూనె రాసింది. పాలు పిండి, దూది వత్తితో చుక్క చుక్క పెదాల మీద వదిలింది. వారాల తరబడి కూర్చునే కునుకు తీసింది. అత్త రోజూ పొద్దున తలుపు తోసి, మిగిలిన పులుసు గురించి అడిగినట్టు, "ఇంకా ఉందా?" అని అడిగేది. ఇరుగుపొరుగుకు మాత్రం, "బిడ్డకు దిష్టి తగులుతుంది, ఎవరూ రావద్దు," అని చెప్పింది. అందుకని ఎవరూ చూడలేదు.

నలభయ్యో రోజున, ఆచారం ప్రకారం, తల్లీబిడ్డలు చర్చికి వెళ్ళారు. గట్టిగా చుట్టిన మూటలోంచి చిన్న మొహం ఒక్కటే కనిపిస్తోంది. మెట్ల మీద మా అమ్మ, "ఎలా ఉందే నీ చిట్టితల్లి?" అని ప్రేమగా అడిగింది. అన్నాళ్ళకు ఎవరో ప్రేమగా పలకరించేసరికి థెమెలీనా ఆపుకోలేకపోయింది.

"ఏడో నెలకే పుట్టిందక్కా. మా అత్త కిటికీ దగ్గర పడేసి చావనియ్యమంది. నిప్పు కూడా ఇవ్వలేదు నాకు!"

మెట్ల మీదున్న ఆడవాళ్ళందరూ విన్నారు. ఆ వారమే మా పిన్నికి నొప్పులొస్తే అవతలి పేట మంత్రసానిని పిలిపించారు. ఆ తర్వాత మరొకరు అదే పని చేశారు. కలొతీనా కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు మా గోడ దగ్గరికొచ్చి వీధికంతా వినపడేలా అంది:

"ఏడో నెలదా? ఎవరే చెప్పింది? నా చేతుల్లోనేగా పడింది! నిండు నెలల బిడ్డ, ఇంత జుట్టుతో పుట్టింది. కొడుకు పరువు పోతుందని నోరు కుట్టుకుని, ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. దానికి నాకు దక్కిన మర్యాద ఇదీ!"

ఆడవాళ్ళు వేళ్ళు మడిచి లెక్కేశారు. జూన్ నుంచి తొమ్మిది నెలలు వెనక్కి వెళ్తే సెప్టెంబరు. అప్పటికి సకెల్లారిస్ ఆఫ్రికా దగ్గర సముద్రం అడుగున ఉన్నాడు.

అప్పటిదాకా బిడ్డకు కండ పట్టాలని మొక్కుకున్న థెమెలీనాకు ఇప్పుడు ఆ కండను చూస్తేనే భయం పట్టుకుంది. చేతి మీద కొత్త మడత కనిపిస్తే చొక్కా కిందికి లాగేది. "మొగుడొచ్చేసరికి సన్నగా ఉంటే నమ్ముతాడేమోనని ఒక పూట పాలివ్వకుండా ఏడిపించాను," అంది నాతో. "మధ్యాహ్నానికి దాని గొంతు పోయింది. నా రవిక తడిసిపోయింది. ఇంక నావల్ల కాలేదు."

అక్టోబరులో సకెల్లారిస్ దిగాడు. రేవులోనే ఎవరో చెవిలో వేశారు. ఇంటికొచ్చి సంచీ దించకుండానే తొట్టిలోకి చూశాడు. బిడ్డ బుగ్గలేసుకుని నవ్వుతోంది.

"ఎవడు?" అన్నాడు.

"నీ కూతురయ్యా. పుట్టినప్పుడు నా అరచేతిలో పట్టింది. మీ అమ్మనడుగు!"

అతను తల్లి వైపు తిరిగాడు. కలొతీనా చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. "నేను చెప్పేదేముందిరా. లెక్క నీకు రాదా?"

"ఊళ్ళో సగంమందికి పురుడు పోసింది మా అమ్మ," అన్నాడతను. "ఆమెకు నెలలు తెలీవంటావా?"

వెళ్ళగొట్టలేదు. వెళ్ళగొడితే కాఫీ కొట్టులో తలెత్తుకోలేడు. కానీ ఆ బిడ్డను ఏనాడూ ముట్టుకోలేదు, పేరు పెట్టి పిలవలేదు. "దాన్ని అవతలకి తీసుకుపో," అనేవాడు, అంతే. పిల్ల నడక నేర్చాక అతని బూట్ల చప్పుడు వింటే బల్ల కింద దూరేది.

మూడేళ్ళు పోయాయి. ఒక ఈస్టరు ముందు, తాగిన మైకంలో, అతను పెళ్ళాం దగ్గరికొచ్చాడు. నవంబరులో, పడవలు తిరిగొచ్చిన కొద్ది రోజులకే, థెమెలీనాకు మళ్ళీ ఏడో నెలలోనే నొప్పులు మొదలయ్యాయి. ఈసారి మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. ఇంటినిండా జనం. పుట్టింది మగపిల్లాడు. అవే నరాలు, అవే ముడుచుకున్న చెవులు.

కలొతీనా పొయ్యి మండించింది. రాళ్ళు కాచింది. అటక మీది స్పాంజి తనే దించింది. "నా బంగారు తండ్రీ, ఊపిరి తీసుకోరా," అని గుండెలు బాదుకుంది. సకెల్లారిస్ పరుగెత్తి డాక్టరును తెచ్చాడు. బిడ్డను అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపిస్తూ ఏడ్చాడు. థెమెలీనా మంచం మీది నుంచి ఆ పొయ్యినే చూస్తూ పడుకుంది. మూడో రోజుకి పిల్లాడు పోయాడు.

సమాధి దగ్గర నుంచి రాగానే సకెల్లారిస్ ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాడు. "నిజమే చెప్పావు నువ్వు. మొదటిదీ ఇలాగే పుట్టిందా?"

 కలొతీనా, వచ్చిన వాళ్ళకు కాఫీ పోస్తూ, అదురూ బెదురూ లేకుండా అంది: "దాని కడుపు అంతే, నిండు నెలలు మొయ్యదు. మొదటిదీ అంతేగా."

మా అమ్మ వెళ్ళి థెమెలీనాను ముద్దు పెట్టుకుంది. "మాకేం తెలుసమ్మా! మనసులో పెట్టుకోకు."

"ఏం పెట్టుకుంటాను?" అంది థెమెలీనా. "వాడు చచ్చి నన్ను మంచిదాన్ని చేశాడు. బతికి కండ పట్టుంటే, వాడూ నిండు నెలల బిడ్డేననేవాళ్ళుగా మీరు."

 సకెల్లారిస్ వంగి, మొదటిసారిగా, "సెవస్తీ, ఇలా రా," అన్నాడు. బల్ల కిందున్న పిల్ల బిగుసుకుపోయి అక్కడే ఉచ్చ పోసుకుంది. అతను చెయ్యి చాపితే కొరికింది. థెమెలీనా దాన్ని కోప్పడలేదు. తడిగుడ్డ తెచ్చి నేల తుడిచి, పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.