తూము కింద మొన ఉలి

గల్ఫులో పదేళ్ళు బ్రేకర్ నడిపాను. పొక్లెయిన్ చేతికున్న బకెట్ తీసేసి, ఆయిల్ ఒత్తిడితో దడదడా కొట్టే సుత్తి తగిలిస్తే అదే బ్రేకర్. అక్కడంతా కొండరాయి. తిరిగొస్తే, మా కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. "రాయి లేని ఊళ్ళో నీకేం పని బావా" అని మా బావమరిది వేళాకోళం. పాత తూములూ శ్లాబులూ ఉన్నంతకాలం పనికి లోటు లేదు. భయానికీ లోటు లేదని ఓడలరేవు దగ్గర తెలిసింది.

వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసిన రోజులు. ఒక రైతుగారి పొలానికి నీరు వెళ్ళే పాత తూము పగలగొట్టాలి. నీళ్ళు వదిలేలోగా కొత్తది కట్టుకోవాలని ఆయన ఆత్రం. ఆ చుట్టుపక్కల భూమిలో గ్యాస్ పైపు ఉంది. దాని గుర్తుగా పాతిన పసుపు రాయి అల్లంత దూరాన గట్టు మీద కనిపించింది. దూరంగానే ఉంది కదా అని పైపువాళ్ళకు ఫోన్ చెయ్యలేదు.

పొద్దున్న సుత్తి కొసకి మొద్దు ఉలి బిగించాను. కింద మెత్తటి మట్టి ఉన్నప్పుడు అదే మంచిది. శ్లాబును బద్దలు చేస్తుంది గాని కిందికి దూసుకుపోదు. అంచు నుంచి మొదలుపెట్టి, ఉలి నిటారుగా నిలిపి, ఒక్కోచోట పావు నిమిషం కొట్టి జరుగుతున్నాను. పాతకాలం కాంక్రీటు, మొండికేసింది. రైతుగారికి ఓపిక చాల్లేదు.

"సూదిగా ఉండేది ఇంకోటుందంట కదండీ. అది పెట్టండి బాబూ."

వద్దనాల్సింది. తెలిసి తెలిసి మొన ఉలి మార్చాను. పనితనం చూపించాలన్న సరదా కూడా ఉంది, అబద్ధమెందుకు.

కాసేపటికే మొన శ్లాబు దాటి మట్టిలో దిగబడింది. అంతలో రైతుగారి భార్య మజ్జిగ చెంబుతో వచ్చి చెయ్యూపింది. సుత్తి ఆపాను.

"అంత లోతుకి దింపుతున్నారేంటండీ? పైపు ఇక్కడే కదండీ."

"రాయి అక్కడుంది కదమ్మా!"

"కోత మిషనుకి అడ్డొస్తోందని మా ఆయనే గట్టు మీదకి మార్చేరండి. ఆయ్, నిరుడు."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంజన్ కట్టేశాను. ఉలి పైకి లాగడానికి కూడా ధైర్యం చాల్లేదు. ఎదురుగా వాళ్ళ ఇల్లు, వంటింట్లోంచి పొగ. పొయ్యి ఆర్పేసి అందరూ దూరం పొమ్మని అరిచాను. అప్పుడు పైపువాళ్ళకు ఫోన్ చేశాను.

"రాయే కదండీ మార్చేను, పైపు కాదు కదా అనుకున్నానండీ," అన్నారు రైతుగారు. ఆయన్ని తిట్టే అర్హత నాకేదీ?

పైపువాళ్ళు వచ్చి చేతులతో మట్టి తీశారు. ఉలి మొనకీ పైపుకీ మధ్య జానెడు ఉంది.

"అనుభవం ఉన్న ఆపరేటరు కాబట్టి సరిగ్గా ఆపేరండి," అన్నాడొకాయన.

నేను ఆపలేదు. ఆవిడ మజ్జిగ కాస్త ముందు తెచ్చింది, అంతే.