అగ్గిపెట్టె మీదికి ఎక్కబోయిన ముఖం

పత్తి ధర పడిపోయి, పెద్ద పెద్ద వ్యాపారులే తలుపులు మూసుకున్న రోజులవి. విరుదునగర్‌లో ఒక పత్తి వ్యాపారి బంగళా సామాను మొత్తం వేలానికి వచ్చింది. వేలందారు మద్రాసు మనిషి. ఎవరు ఏ వస్తువుకు ఎంత పాడారో వెంటవెంటనే రాసి, కూడి చెప్పగలిగిన వాడు ఒకడు కావాలని అడిగితే, కోవిల్‌పట్టిలో నేను పనిచేస్తున్న పత్తి మిల్లు యజమాని నన్ను పంపాడు. బడిలో నేను చదివింది చాలా తక్కువ. కాటా పక్కన నిలబడి, తూకాలు వింటూ లెక్క నేర్చుకున్నవాణ్ణి. మనిషి మాట కంటే అంకె మీద నాకు నమ్మకం ఎక్కువ.

వేలం వారంలో ఉందనగా కరపత్రం అచ్చయి వచ్చింది. అందులో బీరువాలు, గడియారాలు, గుర్రపు బండి అన్నీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్నవి పటాలు. ఆ వ్యాపారికి పటాల పిచ్చి. మద్రాసులో బొమ్మలు వేయడం నేర్చుకున్న కుర్ర చిత్రకారులను పిలిపించి, నెలల తరబడి బంగళాలో ఉంచుకుని, వాళ్ళు ఏది వేస్తే అది కొనేవాడు. దేవుడి పటాలు కావవి, రాజుల పటాలూ కావు. ‘నవీన చిత్రాలు’ అని కరపత్రంలో వేశారు.

వేలానికి ముందు ఆ పటాలను చూడటానికి జనాన్ని రానిచ్చారు. ఊరి వర్తకులు చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టే వచ్చి, హాల్లో నిలబడి నవ్వుకున్నారు. ఒక పటంలో సముద్రం ఉంది, పడవ లేదు. ‘ఒట్టి నీళ్ళకు డబ్బిస్తారా?’ అని మిరపకాయల వ్యాపారి ఒకాయన అడిగాడు. ఇంకొకదానిలో ఆడమనిషి ముఖం మూలలు మూలలుగా, విరిగిన పెంకులను అతికించినట్టు ఉంది. దాని ముందు అందరికంటే ఎక్కువ గుంపు. ముక్కు ఎక్కడుందో చూపించినవాడికి కాఫీ ఇప్పిస్తానని ఒకడు పందెం కాశాడు. మదురై నుంచి వచ్చిన ఒక వకీలు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని ఆ పటాన్ని చాలాసేపు చూశాడు. అతని వెనక నిలబడ్డవాళ్ళు అతన్ని చూశారు.

కరపత్రంలో అన్నిటికంటే పైన వేసిన పటం ‘పత్తి తీసే పడుచు’. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టే పని నాకు పడింది. పైన కప్పిన గుడ్డ తీసి చూశాను. అది మా అక్క.

పోలిక కాదు, అక్కే. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన కొడవలి గాటు, తలగుడ్డ పక్కకు ముడి వేసుకునే పద్ధతి, నవ్వితే ఒక పక్కకు పోయే పెదవి. మోకాళ్ళ దాకా చీర ఎగదోపుకుని, ఒడి నిండా పత్తితో, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు చూస్తోంది. అక్కకు పెళ్ళయి కయత్తారు దగ్గరి పల్లెకు వెళ్ళిన కొత్తలో, పత్తి తీసే రోజుల్లో, ఒక పట్నం మనిషి గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఏదో గీసుకుపోయాడని అప్పట్లో చెప్పుకుని నవ్వారు. ఆ గీసినది ఏమైందో ఎవరూ అడగలేదు.

నేను గుడ్డ మళ్ళీ కప్పేలోపలే ఇద్దరు వచ్చారు. ఒకాయన కోవిల్‌పట్టిలో కొత్తగా అగ్గిపెట్టెల పని పెట్టిన యజమాని. అందరూ ఆయన్ని అణ్ణాచ్చి, అంటే పెద్దన్న, అనేవారు. రెండోవాడు పెట్టె మీద అంటించే బొమ్మలు అచ్చువేసేవాడు. వాడు జేబులోంచి కొలబద్ద తీసి అక్క ముఖానికి ఆనించాడు, గడ్డం నుంచి నుదుటి దాకా.

“తల, ఒడి వస్తే చాలు అణ్ణాచ్చీ. కాళ్ళు తీసేద్దాం. పెట్టె మీద నిండుగా ఉంటుంది.”

“ఆ నవ్వు పోకూడదు” అన్నాడు అణ్ణాచ్చి. “మనిషి నవ్వు చూసే పెట్టె కొంటాడు.”

మా ఇళ్ళలో తెలుగైనా ఊళ్ళో మాట అరవమే; వాళ్ళు అరవంలో మాట్లాడుకుంటున్నారు. నా బుర్ర మాత్రం దాని పని అది మొదలుపెట్టింది. గ్రోసుకు నూట నలభైనాలుగు పెట్టెలు. రోజుకు ఇన్ని గ్రోసులు, నెలకు ఇన్ని. ఎంత వద్దనుకున్నా అక్క ముఖాన్ని హెచ్చవేయడం ఆపలేకపోయాను.

ఆ సాయంత్రం రైల్లో కోవిల్‌పట్టి దిగి, మోటారు బస్సులో కయత్తారు దారిపట్టి, నడిచి అక్క ఊరు చేరాను. అక్క వాకిట్లో సజ్జలు చెరుగుతోంది. అక్క అత్త గోడకు ఆనుకుని వక్క దంచుకుంటోంది. బావ ఎద్దులకు కుడితి పెడుతున్నాడు.

“ఏమిరా తమ్ముడూ, ఈ యాళప్పుడు వస్తివి? మిల్లు లేదా?”

“అక్కా, విరుదునగర్ బంగళాలో నీ పటం ఒకటి ఉండాది.”

“నా పటమా! నేను సస్తినా ఏమి, పటం కట్టేదానికి?”

నవ్వుతూనే అడిగింది. నేను చూసింది చెప్పాను. కొలబద్ద సంగతి కూడా చెప్పాను. చేట ఆగిపోయింది.

“ఆ పొద్దే సెప్తిని” అంది అత్త, రోలు పక్కకు నెట్టి. “గొడుగు కింద కూసున్నోడు మనల్నే సూస్తాండాడని. ఇన్నావా? పండ్లు ఇకిలిస్తివి. ఇప్పుడు పెట్టె పెట్టెకీ ఇకిలించు.”

“నువ్వూ నా పక్కనే ఉంటివి గదత్తా. నిన్నేల రాయలేదు వాడు?”

“నన్ను రాస్తే గీయకనే అంటుకుంటాదే అగ్గిపుల్ల!”

అప్పటికే అంగళ్ళలో ఒక పెట్టె ఉండేది, దాని మీద ఆడుతున్న ఆటగత్తె బొమ్మ. పేరు అడిగి కొనేవాళ్ళు లేరు. ‘ఒక ఆటగత్తెనియ్యి’ అని అడిగేవాళ్ళు. అడిగి, పక్కనున్నవాణ్ణి మోచేత్తో పొడిచేవాళ్ళు. పెట్టె ఖాళీ అయితే ఆ బొమ్మను ఒలిచి కల్లంగడి గోడకు అంటించేవాళ్ళు. అది వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు.

“రేపు అంగట్లో నిలబడి ‘ఒక పత్తిపిల్లనియ్యి’ అంటారు” అంది అక్క. “సంతకు ఎట్ల పోదును? బావి కాడికి ఎట్ల పోదును? ఒరే, ఆ పటం పెట్టె మీదికి పోగూడదురా. ఏమన్నా చెయ్యి.”

నేను వేలందారు బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. బల్ల దగ్గరి మనిషి పాడకూడదు, ఇంకొకరి చేత పాడించకూడదు. అది మొదటి రోజే ఒప్పుకున్న షరతు. ఆ మాట చెబుతుంటే బావ కుడితి తొట్టి దగ్గరనుంచి తల ఎత్తాడు.

“నేను వస్తా” అన్నాడు. అంతే.

వేలం రోజు బావ తెల్లటి తుండు భుజాన వేసుకుని వచ్చి, హాల్లో ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి కూడా చూడనట్టే ఉన్నాడు. సముద్రం మదురై వకీలుకు పోయింది. మూలల ముఖం కూడా ఆయనకే పోయింది. పోటీ లేక రెండూ తేలికగా పోయాయి. తర్వాత ‘పత్తి తీసే పడుచు’ను బల్ల మీదికి ఎత్తారు. హాలు సద్దుమణిగింది. నా పక్కన, చేతికందే దూరంలో, అక్క.

అణ్ణాచ్చి మొదటి పాట పాడాడు. వకీలు పెంచాడు. అణ్ణాచ్చి ఇంకా పెంచాడు. ప్రతి పాటకూ నేను అంకె రాసి స్తంభం వైపు చూస్తున్నాను. బావ నోరు తెరవడం లేదు. వకీలు తల అడ్డంగా ఊపి వెనక్కి తగ్గాడు. వేలందారు సుత్తి ఎత్తి, “ఒకటోసారి” అన్నాడు.

అప్పుడు బావ స్తంభం వదిలి నడిచి వచ్చాడు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, భుజం మీది తుండు తీసి వేలందారు చేతి మీద కప్పి, దాని కింద ఆయన వేళ్ళు పట్టుకున్నాడు.

మా వైపు ఎద్దును కొన్నా, పత్తి అమ్మినా బేరం అలాగే జరుగుతుంది. తుండు కింద ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కన నిలబడ్డ వాడికి కూడా తెలియదు. మద్రాసు మనిషికి అదేం తెలుసు?

“ఏయ్! ఏమిటిది? చెయ్యి వదులు!” అని అరిచాడాయన.

హాలంతా ఘొల్లుమంది. “ఎద్దు అనుకున్నావా మామా?” అన్నాడొకడు. “పటానికి పళ్ళు చూడవయ్యా, ఎన్ని వేసిందో!” అన్నాడు ఇంకొకడు.

“అయ్యా, ఆయన ధర చెబుతున్నాడు” అన్నాను నేను. “మా వైపు పద్ధతి అది.”

“నోరు లేదా? నోటితో చెప్పమను.”

నేను బావ వైపు వంగి తెలుగులో చెప్పాను. “బావా, ఊరికే గట్టిగా ఒక్క మాటను. వాళ్ళకంటే ఒక రూపాయి ఎక్కువను చాలు.”

“కూత పెట్టి కొనేది జప్తుకు పోయిన చెంబుల్నిరా” అన్నాడు బావ. తర్వాత ఇంకా గొంతు తగ్గించాడు. “నా పెండ్లాం మొగానికి ఇంతమందిలో ధర అరిచేదా? నువ్వయితే అరుస్తావా?”

రెండోసారి అన్నారు. మూడోసారి అన్నారు. సుత్తి పడింది. పటం పక్కన అణ్ణాచ్చి పేరు, ఆయన పాడిన అంకె నా చేతితోనే రాశాను. రాసిన అంకె తప్పుగా కనిపించి మళ్ళీ చూశాను. సరిగానే ఉంది.

పని ముగించుకుని పెరట్లోకి వచ్చేసరికి అణ్ణాచ్చి బండి కట్టిస్తున్నాడు. పటాన్ని చక్రానికి ఆనించారు. అచ్చువాడు మళ్ళీ కొలబద్ద తీశాడు. బావ ఎక్కడికీ పోలేదు. అణ్ణాచ్చి ఎదురుగా నిలబడి, తుండు పరిచి చెయ్యి చాపాడు.

“ఇంకా నీ ఎద్దు బేరం తెగలేదా?” అని నవ్వాడు అణ్ణాచ్చి. కానీ ఆయన అగ్గిపెట్టెలకు ముందు చాలా ఏళ్ళు సంతల్లో తిరిగిన మనిషి. తుండు కనబడితే చెయ్యి దానంతటదే పోతుంది. పోయింది. పోయాక అవునో కాదో తేలకుండా తీయకూడదు. అది ఆయనకూ తెలుసు. నవ్వు ఆగింది.

తుండు కింద బతిమాలడానికి ఉండదు. ఎందుకు కావాలో చెప్పడానికి ఉండదు. అక్కడ అంకెలే మాట్లాడతాయి. నేను గుడ్డ మడతల్లో వేళ్ళ కదలికను చదవాలని చూశాను. చదవలేకపోయాను. బావ ఒకసారి పట్టుకున్నాడు. అణ్ణాచ్చి తల అడ్డంగా ఆడించాడు. బావ మళ్ళీ పట్టుకున్నాడు. బావ మెడ నరాలు లేచాయి. అచ్చువాడు విసుగ్గా, “అణ్ణాచ్చీ, రైలు వేళయింది, వదలండి” అన్నాడు. అణ్ణాచ్చి వాడి మాట వినలేదు. ఆయన బావ ముఖాన్ని చూశాడు. తర్వాత చక్రానికి ఆనించిన పటాన్ని చూశాడు. మళ్ళీ బావను చూశాడు. బావ కళ్ళు నేల మీదే ఉన్నాయి.

“సరి” అని చెయ్యి తీశాడు అణ్ణాచ్చి. “సంత నాటికి డబ్బు తెచ్చియ్యి. అందాకా పటం నా దగ్గర భద్రంగా ఉంటుంది. గుడ్డ కూడా తీయను.”

“మరి బొమ్మో?” అన్నాడు అచ్చువాడు. “రంగులు కూడా కలిపించానే!”

“చిలకను గీసుకో పో. చిలక కోసమైతే మొగుడు రాడు.”

సంత రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. పొద్దు వాలుతుండగా బావ గోనెపట్టా చుట్టిన పటాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పొద్దున తోలుకుపోయిన ఎద్దుల జత వెంట లేదు. ఎవరూ అడగలేదు. అత్త కొట్టం వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ పటాన్ని వాకిట్లో పెట్టి, దొడ్లోకి పోయి ఎండిన పత్తికట్టె మోపు తెచ్చి పడేశాడు. లోపలికి చెయ్యి చాపి, “అగ్గిపెట్టె ఇయ్యి” అన్నాడు.

అక్క ఇవ్వలేదు. గోనెపట్టా విప్పింది. తన ముఖం ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. కనుబొమ్మ మీది గాటును వేలితో తాకింది, పటంలోది ముందు, తర్వాత తనది. అప్పటికి ఆమె జుట్టు చెంపల దగ్గర నెరిసింది.

“ఇయ్యవే” అన్నాడు బావ. “ఇది ఉంటే ఇంకొకడు వస్తాడు.”

“రెండెద్దులిచ్చి తెస్తివి. ఎద్దుల్ని కాలుస్తావా?”

బావ నిలబడ్డాడు. పత్తికట్టె మోపును కాలితో పక్కకు నెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

ఆ ఏడు వాన కాస్త ముందే పడింది. అరువు ఎద్దులు దొరికేసరికి నేల పదును పోయి, బావ పొలం సగం ఆలస్యంగా విత్తాడు. ఎంతకు తెగిందని నేను రెండుసార్లు అడిగాను. చెప్పలేదు. నేను ఆ రోజుల్లో జత ధరలు తెలుసుకుని లెక్కవేసి చూశాను కానీ, అది ఉత్త అంచనా. నా చేతికి చిక్కని అంకె అదొక్కటే.

పటాన్ని విత్తనాల గదిలో, గోడ వైపు తిప్పి పెట్టారు. ఆ గదికి ఎవరు పోయినా విత్తనాలకే పోయేవారు. అక్క పోతే మాత్రం ఆలస్యమయ్యేది. ఏం చేస్తున్నావని లోపలికి కేకేస్తే, గింజలకు చీమ పట్టిందనేది. బావ ఎప్పుడూ కేకేయలేదు. కూటి వేళ దాటిపోతున్నా సరే, వాకిట్లో కూర్చుని ఆమె బయటికి వచ్చేదాకా చుట్ట కూడా ముట్టించకుండా కాచుకునేవాడు.