యాదన్న, కంపలో ముళ్ళెలుకలు

నిన్న పొద్దున ఫిల్మ్‌నగర్‌లో సెట్‌కి వెళ్తుంటే లారీ డ్రైవర్ సలీం ఫోన్ చేశాడు.

"యాదన్న పోయిండన్నా."

ఏ యాదన్న అని అడిగాను. నాకు తెలిసిన యాదన్న ఒక్కడే. అయినా అడిగాను.

గుండెపోటట. కృష్ణానగర్‌లో తన గదిలోనే, అన్నం ముందు కూర్చుని.

మీలో చాలామందికి ఆయన తెలియదు. స్క్రీన్ మీద పేరు పడే పని కాదు. మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వేసే పల్లెటూరి సెట్లకి ముళ్ళకంప కావాలంటే, మహబూబ్‌నగర్ వైపు తుప్పల్లో కొట్టి లారీలో తెచ్చేది యాదన్నే.

ఆ కంపలో ముళ్ళెలుకలు ఉండేవి. ముళ్ళపందులు కావు, గుప్పెడంత జీవాలు. పగలంతా తుప్పల్లో పడుకుంటాయి. భయం వేస్తే పారిపోవు, బంతిలా ముడుచుకుంటాయి. అలా కంపతోపాటే లారీ ఎక్కేసేవి.

అందుకే యాదన్న ప్రతి మోపూ విప్పి చూసేవాడు. కర్రతో కాదు, చేత్తో. దొరికినదాన్ని పాత పెయింట్ బకెట్‌లో పెట్టి, కంప కొట్టిన చోటికే తీసుకెళ్ళి వదిలేవాడు.

యూనిట్ అంతా నవ్వేది. హీరోయిన్‌కి కూడా ఇంత మర్యాద లేదని నేనూ ఏడిపించేవాణ్ణి.

"నవ్వుండ్రి తమ్మీ. తుప్పలన్నీ ప్లాట్లయితున్నయ్. గివి యాడికి పోవాలె?"

దంచి తింటే దగ్గుకి మందని యూనిట్‌లో ఒకాయన ఒక ముళ్ళెలుకని అడిగితే, "ముందు నిన్ను దంచుత" అన్నాడు.

ఇక నేను చెప్పాల్సింది చెప్తాను.

కొన్నేళ్ళ కింద ఒక మంటల సీన్. కంప కుప్పకి నిప్పు పెట్టాలి. వెలుతురు పోతోంది, డైరెక్టర్ అరుస్తున్నాడు. సగం యాదన్న చూశాడు. మిగతా సగం నన్ను చూడమన్నాడు.

"జర మంచిగ చూసినవా తమ్మీ?"

"చూశాను అన్నా."

చూడలేదు.

షాట్ ఒకే టేక్‌లో ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మంట ఆరాక బూడిదలో నాలుగు దొరికాయి. ఒక తల్లి, మూడు పిల్లలు. ముడుచుకునే ఉన్నాయి.

యాదన్న అక్కడే కూలబడిపోయాడు. "నా దిక్కే ఉండెనేమో తమ్మీ. నా కండ్లు సక్కగ కనవడ్తలేవు" అన్నాడు.

నన్ను అనుమానించనే లేదు. నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత మంటల సీన్లకి కంప తేవడం మానేశాడు. నెమ్మదిగా పనీ తగ్గిపోయింది.

ఆ తుప్పలు రియల్ ఎస్టేట్ వెంచర్ అవుతుంటే, ఒక మూలన్నా వదలమని ఆ కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగాడు. తోడు రమ్మని నన్నడిగాడు. షూటింగ్ ఉందన్నాను. లేదు. ఆయన పక్కన నిలబడే ముఖం లేక అబద్ధమాడాను. ఒక్క మూల కూడా మిగల్లేదు.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. వచ్చే వారం, ఈ షెడ్యూల్ అయ్యాక అని దాటేశాను.

యాదన్నా, నీ కళ్ళు బాగానే ఉన్నాయి. చూడనివాణ్ణి నేను.

ఇక నిశ్చింతగా పడుకో అన్నా. నువ్వు వెళ్ళిన చోట తుప్పల్ని ఎవరూ కొట్టకుండా ఉండాలి.